మా వంతు మకాం

మా ముత్తాత నరహరిరావు, ఆయన కొడుకు రంగారావు, ఆయన కొడుకు మాధవరావు. ఈ మూడో ఆయన మా బాపు. ఆయనకు నేనొక్కతెనే సంతానం కాబట్టి ఆ వరుసలో చివరి పేరు నాది. ఖానాపూర్ నుంచి గోదావరి దాకా పరుచుకున్న చదును నేలలో ఐదు ఊళ్ళ మీద మా వాళ్ళకు దేశ్‌ముఖీ ఉండేది. మాకు ఏనుగు లేదు, ఫిరంగి లేదు. మా గడి కూడా చుట్టుపక్కల గడీల పక్కన పెడితే చిన్నదే. మా పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది మా డేరా. పైన దళసరి తెల్లగుడ్డ, లోపల కుంకుమరంగు మీద పసుపు పూల అస్తరు. నిర్మల్‌లోనైనా జగిత్యాలలోనైనా ‘ఎర్ర డేరా వాళ్ళు’ అంటే చాలు, ఏ ఊరని ఇంకెవరూ అడిగేవారు కారు. దౌరా మీద ఊళ్ళు తిరుగుతూ వచ్చిన పెద్ద అధికారులు సర్కారు డేరాలు పక్కన పెట్టి మా డేరాలో పండుకోవడానికి కబురు పంపేవారట. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. గొప్పకు చెప్పదలిస్తే ఇంకా చాలా ఉన్నాయి.

మొన్న చలికాలంలో నా మనుమరాలు నన్ను గోదావరి ఒడ్డున కొత్తగా పెట్టిన ఒక విడిదికి తీసుకుపోయింది. చిన్న చిన్న చెక్క ఇళ్ళు ఒక వరుస, డేరాలు ఒక వరుస, మధ్యలో గడ్డి, గడ్డి మీద నడవొద్దని బోర్డు. బల్ల వెనక కూర్చున్న కుర్రవాడు నా తెల్లజుట్టు చూసి, “అమ్మా, టెంట్‌లో ఎప్పుడైనా ఉన్నారా? ఏం భయపడకండి, జిప్ వేసుకుంటే పురుగు కూడా రాదు” అన్నాడు. మంచి పిల్లవాడే. నా మనుమరాలు నా మోచేయి నొక్కింది, ఏమంటానో అని. “ఉన్నాను నాయనా” అని మాత్రం అన్నాను. లోపలికి పోయి పడక మీద వెల్లకిలా పండుకుని పైకి చూశాను. ఎక్కడా ఒక్క కుట్టు లేని నున్నని గుడ్డ. అలా చూస్తూ ఉంటే, అరవై ఏళ్ళకు పైగా నేను ఎవరికీ పూర్తిగా చెప్పని ఒక మకాం నా కళ్ళ ముందుకు వచ్చింది.

ఎండలు ముదిరి మామిడికాయలో టెంక గట్టిపడే వేళకు మా ఇల్లు గోదావరికి కదిలేది. ఒడ్డున మా మామిడితోట, తోట చివర వరద నీళ్ళు అందని ఎత్తులో టేకు స్తంభాల మీద నిలబెట్టిన కర్రబంగళా. మూడు గదులు, ముందు వరండా. నేల మీది చెక్కల సందుల్లోంచి చూస్తే కింద మేకలు పండుకుని నెమరు వేస్తూ కనబడేవి. వాటి వాసన కూడా పైకి వచ్చేది. ఆ వాసనకు మొదటిరోజు ముక్కు మూసుకున్న వాళ్ళు మూడోరోజుకు మరిచిపోయేవారు. బంగళాకు ఎదురుగా, చెట్ల నీడ దాటాక, బయలులో డేరా వేసేవారు. మామిడిచెట్టు కింద డేరా వెయ్యకూడదని మా బాపమ్మ శాసనం. జిగురు కారి గుడ్డ పాడవుతుందని ఆమె అనేది. బాపమ్మ అంటే మా బాపు తల్లి, రుక్మిణమ్మ. తాత ఉన్నప్పుడూ, పోయాకా ఆ మకాంకు ఆమే దొర.

తెల్లవారుజామున అందరికన్నా ముందు లేచేది ఆమే. చేతిలో వెదురుకర్రతో డేరా చుట్టూ ఒక తిరుగుడు తిరిగేది. ఒక్కొక్క తాడు దగ్గర ఆగి, వీణ తీగ మీటినట్టు వేలితో మీటి, చెవి దగ్గర పెట్టి వినేది. బిగువుంటే ఒక మోత, వదులుంటే ఒక మోత. గోదావరి తడిగాలికి నూలు తాళ్ళు రాత్రికి బిగుసుకుని మేకులను పీకేస్తాయి కనుక సాయంత్రం కొంచెం వదులు చేసి పొద్దున మళ్ళీ బిగించాలి. ఆ పని ఆమె చేతితో ఎన్నడూ చేయలేదు. మీటడం, వినడం, “గిది వదులైంది” అని కర్రతో చూపించడం, అంతే. తర్వాత వరండాలో కూర్చుని పాన్‌దాన్ తెరిచేది. చిల్లగింజ అరగదీసి తేర్చిన నదినీళ్ళతో మా అవ్వ, అంటే మా అమ్మ, చాయ్ పెట్టేది. జొన్నరొట్టె, అప్పుడే దంచిన మామిడి తొక్కు, వెల్లుల్లి తాళింపు పొగ. మధ్యాహ్నం వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లితే ఆ చల్లని వాసనా, ఎండకు కాలిన డేరాగుడ్డ వాసనా కలిసి ఒక మత్తు వచ్చేది. సాయంత్రం ఇసుకలో చెలిమెలు తోడి తాగే నీళ్ళు తెచ్చుకోవడం, ఇసుక మీద పండిన పుచ్చకాయలు కొయ్యడం. ఆ చెలిమె నీళ్ళ రుచిని ఇప్పటి సీసా నీళ్ళతో పోల్చడం నాకు చిన్నతనంగా ఉంటుంది.

ఆ మకాం మా ఒక్కరి కోసం కాదు. ఆసిఫాబాద్ వైపు మాకు సరిసమానమైన ఒక కుటుంబం ఉండేది. మా ముత్తాతల కాలం నుంచి రెండు కుటుంబాలకూ ఒక ఒప్పందం. ఒక ఏడు వాళ్ళు మా గోదావరికి రావాలి, మరుసటి ఏడు మేం వాళ్ళ అడవికి పోవాలి. వచ్చినవాళ్ళు డేరాలో, పిలిచినవాళ్ళు బంగళాలో. అతిథి పండుకునే గుడ్డ పిలిచినవాళ్ళ సొంతం కావాలి, అడిగి తెచ్చినది కాకూడదు. అతిథి బండి కనుమరుగయ్యేదాకా ఒక్క మేకు పీకకూడదు. వంతు వచ్చినప్పుడు కాదనకూడదు. ఒక్కసారి కాదంటే ఆ పొత్తు అంతటితో తెగినట్టే. ఇది కాగితం మీద ఎక్కడా లేదు, రెండు ఇళ్ళ ఆడవాళ్ళ నోట్లో ఉండేది.

తర్వాత నైజాం పోయింది, దేశ్‌ముఖీ పోయింది, ఐదు ఊళ్ళూ పోయాయి, మా తాత పోయాడు. గడి పైఅంతస్తు కురవడం మొదలైంది. బాపు నల్ల షేర్వానీ తొడుక్కుని కౌలు తగాదాల కోసం నిర్మల్ కచేరీకి తిరిగేవాడు. ఒక కేకకు పదిమంది వచ్చే రోజులు పోయాయి. అది పోవలసిందే. ఎవరి చెమటకు వాళ్ళే యజమానులైన ఆ మార్పును నేను ఏనాడూ తప్పుపట్టలేదు. కాని డేరా బరువు మాత్రం తగ్గలేదు. చాలా ఏళ్ళు మకాం ఊసే లేదు. అవతలి వాళ్ళూ మాట్లాడలేదు, మేమూ మాట్లాడలేదు. అటువంటప్పుడు ఒక చలికాలం వాళ్ళే మమ్మల్ని పిలిచారు. పోయాం. టేకు అడవి నడుమ, వాగు పక్కన, కొత్తగా మెరిసిపోతున్న డేరాలో మమ్మల్ని పండుకోబెట్టారు. బాపమ్మ ఆ డేరా అంచులు తడిమి చూసింది. తిరుగుదారిలో కచ్చురం బండిలో కూర్చుని, “వచ్చే ఎండకాలం మన వంతు” అంది. బాపు బయటికి చూశాడు.

ఆ ఎండకాలం వచ్చేసరికి నాకు పదహారేళ్ళు. బాపు ఒక రోజు అన్నం ముందు కూర్చుని, “అవ్వా, ఈ ఏడు మనతోని గాదని కబురు చేద్దాం. గడి గోడలే నిలుస్తలేవు, డేరా ఎవరు నిలబెడ్తరు?” అన్నాడు.

“కబురు పోయిందిరా” అంది బాపమ్మ, మజ్జిగ పోస్తూ.

“ఏమని?”

“రమ్మని.”

బాపు చేతిలో ముద్ద అలాగే ఉంది. “నన్నొక్క మాట అడగకపోతివి.”

“అడిగితే వద్దంటవు. నువ్వు వద్దన్నంక పిలిస్తే నీ మాట తీసేసినట్టయితది. అందుకే ముందుగాల్నే పంపిన. తిను.”

అంతే. తిరుగు లేదు. వైశాఖ పున్నానికి వాళ్ళు వస్తారు. అప్పటికి పది రోజులో ఎంతో ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరి గుండెల్లోనూ ఒకటే మాట. మా వంతు మేం నిలబెట్టగలమా, లేక మూడు తరాల పొత్తు మా చేతుల మీదుగా తెగుతుందా?

మరునాడు గడి వాకిట్లో డేరా మూటలు విప్పాం. మూటలు విప్పడానికి మల్లయ్య వచ్చాడు. మల్లయ్యా, వాళ్ళ తండ్రీ మా తాత కాలంలో వెట్టికి ఆ డేరా మోసినవాళ్ళు. ఇప్పుడు మల్లయ్యకు సొంత నాగలి ఉంది. తనకు ఇష్టమైతే వస్తాడు, లేకపోతే లేదు. అతని పెళ్ళాం ఎల్లవ్వ కూడా వెంట వచ్చింది, ఆమెకూ మా అవ్వకూ మంచి స్నేహం. తెల్లగుడ్డ పరిచాం, రెండు చోట్ల ఎలుకలు కొరికినా బాగానే ఉంది. తర్వాత అస్తరు మూట విప్పాం. ఆ కుంకుమరంగు వాకిలంతా పరుచుకుంటుందని నేను ఎదురుచూస్తున్నాను. పరుచుకుంది, సగం వాకిట దాకా. మిగతా సగం లేదు. అంచులు చక్కగా, తిన్నగా కత్తెరతో కోసి ఉన్నాయి. అది ఎలుకల పని కాదు.

మా అవ్వ స్తంభం పక్కన నిలబడి ఉంది. “నేనే కోసిన” అంది. “పిల్ల బడికి పోవాలె. ఒంటి మీద బట్ట గావాలె. కొందామంటే ఎవల ముందట చెయ్యి చాపుదు? లోపటి గుడ్డ లోపట్నే ఉండె, మూట మూట తీర్గనే ఉండె. ఎన్నటికన్న మళ్ళ విప్పుతమని నాకేం తెలుసు?”

అప్పుడు నాకు అర్థమైంది. ఆరేళ్ళప్పుడు నేను తొడుక్కున్న పువ్వుల గౌను, ఎనిమిదేళ్ళప్పటి లంగా, బడిసంచి, ఇంట్లో తలగడల గలీబులు, కిటికీ తెర. నేను డేరా తొడుక్కుని పెరిగాను. బడిలో మిగతా పిల్లలు ఆ గౌను చూసి ఎంత బాగుందో అన్నప్పుడు మురిసిపోయేదాన్ని. ఆ మురిపెం తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ గుడ్డ నిజంగానే బాగుండేది.

బాపు ముఖం నల్లబడింది. “అయిపాయె. ఇగ చెప్పి పంపుడే. చినిగిన డేరాల పండవెడ్తమా వాళ్ళను?”

బాపమ్మ కర్ర తాటించుకుంటూ లోపలికి పోయింది. కోపంతో పోయిందనుకున్నాం. ఆమె తన మెత్తను చంకలో పెట్టుకుని తిరిగి వచ్చి, గలీబు ఊడదీసి అస్తరు మీద పడేసింది. కుంకుమరంగు, పసుపు పూలు.

“ఏమే కోడలా” అంది అవ్వతో, “నాకు కండ్లు లేవనుకున్నవా? ఇన్నేండ్ల సంది దీని మీద తల పెట్టి పండుకుంటున్న. నేను మెట్టిన ఇంటి డేరా నాకు ఎరుకగాదా?”

అవ్వ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మరి అననే అనకపోతివి” అంది ఎల్లవ్వ.

“ఏమంటనే? పిల్ల ఒంటి మీద గుడ్డ ఉన్నది, ఇంటి మర్యాద ఉన్నది. రెండిట్ల ఏది పోయిందని అనాలె?” అని బాపు వైపు తిరిగింది. “మాధవా, నువ్వు గా షేర్వానీ ఇప్పు.”

“ఎందుకవ్వా?”

“ఇప్పు రా.”

కచేరీకి పోయేందుకు తొడుక్కున్న షేర్వానీని బాపు గుండీలు విప్పి తీశాడు. బాపమ్మ దాన్ని లోపల బయటికి తిప్పి అందరికీ చూపింది. నల్లటి ఆ షేర్వానీ లోపలంతా కుంకుమరంగు, పసుపు పూలు. కచేరీలో తహసీల్దార్ ముందు, వకీళ్ళ ముందు ఇన్నాళ్ళూ మా బాపు డేరా తొడుక్కునే నిలబడ్డాడు. పాత అస్తరు చిరిగితే అవ్వ రాత్రికి రాత్రి మార్చి కుట్టిందట. బాపు ఆ షేర్వానీ వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు. ముందు మల్లయ్య నవ్వాడు. తర్వాత బాపు నవ్వాడు. తాత పోయాక ఆయన అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు.

“అతుకులైతే ఏంది?” అంది బాపమ్మ. “మనయి గదా. అడుక్కొచ్చిన గుడ్డ ఒక్కటున్నదా ఇండ్ల? ఎవల కాడ ఏమున్నదో తెండి. కుడుదాం.”

ఆ వారం రోజులు మా గడి వరండా దర్జీ దుకాణమైంది. గౌన్లు, లంగాలు, గలీబులు, తెర, సంచి, షేర్వానీ లోపలి భాగం అన్నీ కుట్లు విప్పి, ఇస్త్రీపెట్టెతో సాపు చేసి, ఒకదాని పక్కన ఒకటి పరిచాం. కొన్ని వెలిసి నారింజరంగుకు వచ్చాయి, కొన్ని ఇంకా కొత్తగా ఉన్నాయి. అవ్వ, నేను, ఎల్లవ్వ సూదులు పట్టుకున్నాం. బాపమ్మ కుర్చీలో కూర్చుని టాకాలు దూరంగా పడుతున్నాయని దెప్పుతూ ఉండేది. ఆఖరికి మూలన ఒక జానెడు బెత్తెడు చోటు మిగిలింది. నా చిన్నప్పటి గౌను పైభాగం ఒక్కటే ఉంది. దానికి పొంగుచేతులు. కుట్లు విప్పితే గుడ్డ ముక్కలుముక్కలై చోటుకు చాలదు. అందుకని అలాగే, చేతితో సహా కుట్టేశాం. ఒక చెయ్యి లోపలికి మడిచాం. రెండోది మడతకు రాలేదు. “అంత పైకి ఎవలు చూస్తరు” అంది అవ్వ, దారం కొరుకుతూ.

ఇక గోదావరి ఒడ్డున నిలబెట్టడం. బాపు తానే కొయ్యసుత్తి పట్టుకున్నాడు. బాపమ్మ కర్రతో ఎక్కడ ఏ మేకో చూపిస్తోంది. అవ్వా నేనూ తాళ్ళు పట్టుకున్నాం. మల్లయ్య, ఇంకో ఇద్దరు మనుషులు తోట గట్టు మీద కూర్చుని బీడీలు కాలుస్తూ చూస్తున్నారు. గుంజ లేచింది, ఊగింది, ఒక మేకు ఊడింది, తెల్లగుడ్డంతా నెమ్మదిగా వచ్చి బాపు మీద పడింది. గుడ్డ కింద బాపు కదులుతూ ఉంటే సంచిలో పిల్లిలా ఉంది. గట్టు మీద నవ్వులు.

“దొరా!” అని కేక వేశాడు మల్లయ్య. “ఇన్నేండ్లు మేం లేపుతుంటే కుర్చీ ఏసుకొని కూసుంటివి. ఒక్కపారన్న ఎట్ల లేస్తదో చూడకపోతివా?”

బాపు గుడ్డ కిందినుంచి బయటికి వచ్చాడు. జుట్టునిండా దుమ్ము. “చూడలేదు మల్లయ్యా. ఇప్పుడు జూపెట్టు” అన్నాడు.

మల్లయ్య బీడీ ఆర్పి లేచాడు. “చూపెడ్త గని ఒక షర్తు. మా నాయిన సచ్చేదాంక దీన్ని మోసిండు, లోపటికి మాత్రం ఒక్కనాడు పోలే. నిలవడ్డంక ముందుగాల నేను అండ్ల పండుకుంట.”

బాపు బాపమ్మ వైపు చూశాడు. ఆమె కర్ర ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. అది ఆమె పుట్టి బుద్ధెరిగాక వినని మాట. “పండుకో” అంది. “నీ నాయిన పేరు మీద గూడ ఒక కునుకు తియ్యి.”

అందరం కలిసి లాగాం. ఈసారి బాపు అరచేతులు బొబ్బలెక్కాయి, నావీ ఎక్కాయి. డేరా నిలబడింది. మల్లయ్య కాళ్ళు కడుక్కుని లోపలికి పోయి నవారు మంచం మీద వెల్లకిలా పండుకున్నాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, లోపలినుంచి అరిచాడు. “ఎల్లీ! గిది మన పోరని ఉయ్యాల గుడ్డ గాదె?”

అవును. వాళ్ళ మనుమడు పుట్టినప్పుడు మా అవ్వ ఆ గుడ్డ ఇస్తే, ఎల్లవ్వ ఈ వారంలో తెచ్చి మళ్ళీ కుట్టేసింది. “నీకు చెప్పి తేవాల్నా?” అంది ఎల్లవ్వ బయటినుంచే. “నడూ, కునుకు తీసుడైందా? బువ్వ తిందువు రా.” ఆ పూట తాడు పట్టిన వాళ్ళందరం డేరాలోనే కూర్చుని తిన్నాం. బాపమ్మ వడ్డించింది.

పున్నానికి ముందురోజు పొద్దెక్కాక వాళ్ళ కచ్చురం వచ్చింది. ముందు దిగింది లక్ష్మీకాంతమ్మ, బాపమ్మకు ఈడైన మనిషి. భారీ శరీరం, అంతకన్నా భారీ నోరు. వెనక ఆమె కొడుకూ కోడలూ. బాపమ్మ చెలిమె నీళ్ళ చెంబుతో ఎదురుపోయింది.

“ఏంది వదినె, ఇంత చిక్కిపోయినవ్?” అంది లక్ష్మీకాంతమ్మ.

“నా ఒంటిది గూడ నువ్వే ఎత్తుకుంటివాయె. నాకేం మిగుల్తది?” అంది బాపమ్మ.

భోజనాలయ్యాయి. చింతచిగురు పప్పు, మామిడి తొక్కు, పూర్ణాలు. ఎండ మండుతోంది. అతిథులు డేరాలోకి పోయారు. మేం కర్రబంగళాలో కూర్చున్నాం. బాపు షేర్వానీ తొడుక్కుని ఉన్నాడు, లోపల అస్తరు లేకుండా. అవ్వ చేతిలో విసనకర్ర ఉంది గాని విసరడం లేదు. వట్టివేళ్ళ తడికల నుంచి నీళ్ళు కారే చప్పుడు. బాపమ్మ పాన్‌దాన్ తెరిచి, ఏదీ తీయకుండా మళ్ళీ మూసింది. అప్పుడు ఎదురుగా డేరాలోంచి కేక.

“ఓ వదినె! జర ఇటు రా.”

అందరం పోయాం. లక్ష్మీకాంతమ్మ మంచం మీద వెల్లకిలా పండుకుని వేలితో పైకి చూపిస్తోంది. మూల నుంచి నా చిన్నప్పటి పొంగుచెయ్యి వేలాడుతూ, తడికల గాలికి మెల్లగా ఊగుతోంది.

“వదినె, మీ డేరాకు చెయ్యి మొలిచింది” అంది.

అవ్వ నా భుజం పట్టుకుంది. బాపమ్మ తల ఎత్తి ఆ చెయ్యి వైపు తీరిగ్గా చూసింది.

“అది నా మనుమరాలి చెయ్యి” అంది. “పెద్దోళ్ళొచ్చిండ్రని దండం వెడ్తున్నది.”

లక్ష్మీకాంతమ్మ నవ్వింది. మంచం నవారు కిర్రుమనేలా, కోడలు లేచి వచ్చి పట్టుకునేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుని, “కూసో. గా పక్కది ఏంది? గా ఎలిసింది? చెప్పు” అంది. బాపమ్మ కర్రతో ఒక్కొక్కటీ చూపించింది. ఇది నా మెత్త. ఇది మాధవుని షేర్వానీ. ఇది పిల్ల బడిసంచి. ఇది మల్లయ్య మనుమని ఉయ్యాల. దాచలేదు, గొంతు తగ్గించలేదు. మా ముత్తాత వీరగాథ చెప్పేటప్పుడు ఏ గొంతుతో చెప్పేదో అదే గొంతుతో చెప్పింది. బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, తల దించుకోకుండా.

అంతా విన్నాక లక్ష్మీకాంతమ్మ లేచి కూర్చుంది. చాలాసేపు తన గాజులు తిప్పుకుంది. “వదినె, మొన్న మా కాడ మీరు పండుకున్న డేరా మాది గాదు” అంది. “మా డేరా ఎన్నడో పాయె. అది కట్టెల గుత్తెదారును అడిగి తెచ్చినం. మీరు బండెక్కిన తెల్లారే వాపసు ఇచ్చినం.”

ఆమె కొడుకు, “అవ్వా, గిప్పుడెందుకు అవన్ని?” అన్నాడు.

“నువ్వు ఊకో. కుట్టుకోవాలెనన్న సోయి మాకు రాలేదు, వాళ్ళకు వచ్చింది. నీ చేతిల ఓడిన వదినె. మా తాతల మాట నిలవెట్టింది నువ్వు.”

బాపమ్మ పాన్‌దాన్ తెప్పించి, అన్నిటికన్నా లేత ఆకు ఏరి, సున్నం రాసి, మడిచి ఆమె నోటికే అందించింది. ఆ సాయంత్రం బాపమ్మ తాళ్ళు చూడటానికి బయలుదేరినప్పుడు నేను వెనకే పోయాను. ఒక్కొక్క తాడును ఆమె రెండుసార్లు మీటింది. రెండోసారి వినడానికి కాదని నాకు తెలుసు.

వాళ్ళు రెండు రోజులుంటామని వచ్చి వారం దాటాక పోయారు. ఖానాపూర్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ఆ డేరా చూడటానికి వచ్చారు. లక్ష్మీకాంతమ్మే ముందు నిలబడి ఏ ముక్క ఎవరిదో చెప్పేది, తన సొంత డేరా అయినట్టు. నా చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కొత్తగా నవ్వేది. వాళ్ళ బండి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఎవరూ మేకు ముట్టలేదు. ఆ తర్వాత మొదటి మేకు బాపు పీకాడు. ఎలా పీకాలో అప్పటికి ఆయనకు వచ్చు. తరువాతి ఏడు మేం వాళ్ళ అడవికి పోతే, పాత చీరలూ ధోవతులూ కలిపి కుట్టిన డేరా వేశారు. అది రెండు చోట్ల కురిసింది. లక్ష్మీకాంతమ్మ తడిసిన పడక మీద కూర్చుని, “మాదే వదినె, నూలుపోగు దాంక మాదే” అని గొప్పగా చెప్పుకుంది.

మొన్నటి ఆ విడిదిలో సాయంత్రం నేను బయటికి వచ్చి డేరా తాడు మీటి చూశాను. ప్లాస్టిక్ తాడు. మోత లేదు. ఆ డేరాను నిలబెట్టింది లోపలి ఇనుప గొట్టాలు, తాళ్ళు ఊరికే అందానికి కట్టారు. పడక మెత్తగా ఉంది, నీళ్ళు వేడిగా వచ్చాయి, పురుగు కూడా రాలేదు. ఎవరైనా వచ్చి ఉండొచ్చు, పోవచ్చు. ఎవరి వంతూ కాదు, ఎవరి మాటా నిలబడాల్సిన పని లేదు. అది తప్పని అనను. సుఖంగానే నిద్రపోయాను. పొద్దున బల్ల దగ్గరి కుర్రవాడు, “ఎలా ఉందమ్మా మా టెంట్?” అని అడిగాడు. “నీదేనా నాయనా?” అన్నాను. “కాదమ్మా, కంపెనీది” అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. నడుం నిటారుగా పెట్టుకుని కారెక్కాను. నడుం అలా పెట్టుకోవడం నాకు ఎవరు నేర్పారో నా మనుమరాలికి దారిలో చెప్పాను.

బాపమ్మ పోయిన రెండేళ్ళకు మామిడితోట అమ్మాం. కర్రబంగళాను విప్పి, టేకు స్తంభాలు, చెక్కలు నిర్మల్ వ్యాపారికి అమ్మాం. డేరా పైగుడ్డను జమ్మికుంట పత్తి వ్యాపారి బస్తాల మీద కప్పడానికి కొనుక్కుపోయాడు. అస్తరు అమ్మలేదు.